ఎడమ కంటి కణాల లెక్క

పోయినవి ముందు చెబుతాను.

ఎడమ కంటి చూపు పోయింది. చూపుతో పాటు దూరం తెలియడం పోయింది. గ్లాసులో పోస్తున్నాననుకున్న నీళ్ళు గ్లాసు పక్కన పడేవి. అరుగు దిగుతుంటే ఆఖరి మెట్టు ఉండాల్సిన చోట ఉండేది కాదు. ఒక యాసంగి కోతల కాలం మొత్తం దవాఖాన చుట్టూ తిరగడంలోనే పోయింది. వడ్ల రాశిని ఒక్క చూపు చూసి ఎన్ని బస్తాలవుతుందో చెప్పే అలవాటు పోయింది, ఎందుకంటే ఒంటి కంటికి రాశి గోడ మీద గీసిన బొమ్మలా కనిపిస్తుంది, దాని లోతు అందదు. మా పెద్దమ్మ ఊరందరి కండ్లలో నలుసులు తీసే పని మానేసింది. అదీ ఈ ఖాతాలోదే. చివరగా, కణాలు. కుడి కంటి లెక్కను ఎడమ కంటికి వేసి చూస్తే ఒక లక్షా ఇరవై నాలుగు వేల ఏడు వందల ఎనిమిది కణాలు.

ఈ చివరి అంకె ఎట్లా వచ్చిందో తెలియాలంటే వరి చేను దగ్గర మొదలుపెట్టాలి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. గుణకారాలు బస్తాల మీద నేర్చుకున్నాను, వైశాల్యాలు పొలం గట్ల మీద. కణమంటే ఏమిటో బడిలో చెప్పే ఉంటారు. ఉల్లిపొర బొమ్మ ఒకటి గీసినట్టు గుర్తు. ఇటుక గోడలా ఉండేది. అంతకుమించి దాంతో నాకు పని పడలేదు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, వేములపల్లిలో ఉంటుంది. ఆమె చేను కోతకొచ్చిందంటే గింజ ఎండిందో లేదో చూడ్డానికి ఏటా నేనే వెళ్తాను. ఆ రోజు ఒక కంకి తెంపి పంటితో కొరికి చూద్దామని వంగాను. పక్క దుబ్బు ఆకు ఒకటి తిన్నగా వచ్చి ఎడమ కంటిని గీరింది. వరి ఆకు అంచును వేలితో కింది నుంచి పైకి రాస్తే మెత్తగా ఉంటుంది, పైనుంచి కిందికి రాస్తే రంపం. నా కంటికి రంపం వైపు తగిలింది. కన్ను మూతపడింది, నీళ్ళు కారాయి, లోపల ఏదో గరగరలాడింది.

"నలుపకు! నలిపితే లోపలికి పోతది," అంది పెద్దమ్మ. "ఇటు రా. ఎండకు మొఖం పెట్టి కూసో."

ఇది తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మా దిక్కు కంట్లో నలుసు పడితే నాలుకతో తీసేవాళ్ళుంటారు. ఆ చుట్టుపక్కల ఆ పని మా పెద్దమ్మది. నోరు శుభ్రంగా పుక్కిలించుకుంటుంది, రెండు వేళ్ళతో రెప్పలు విడదీస్తుంది, నాలుక కొసను గుడ్డు మీద ఒక్కసారి అలా తిప్పుతుంది. నలుసు నాలుక మీదికి వచ్చేస్తుంది. దాన్ని తీసి మన అరచేతిలో పెట్టి మనతోనే ఊదిస్తుంది. ఎవరి నలుసు వాళ్ళే ఊదుకోవాలని ఆమె పద్ధతి. ఇందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు, మంచినీళ్ళు కూడా.

"కదలకు బిడ్డా. పోయినేడు మా ఊరి పెద్ద పటేల్ కంట్లకెళ్ళి ఇంత పొట్టు తీసిన. గా కన్నుతోనే ఇప్పుడు నన్ను సూడనట్టు పోతడు."

"నవ్వియ్యకు పెద్దమ్మా, కన్ను మూసుకుపోతుంది."

నాలుక తగిలింది. వెచ్చగా, కాస్త గరుకుగా. అరచేతిలో ఊక ముక్క కనిపించింది. ఊదాను. ఇంటికి వచ్చాక, పక్కింట్లో బాలింత ఉంటే ఆమె చనుబాలు రెండు చుక్కలు కూడా కంట్లో వేయించింది పెద్దమ్మ. చల్లగా ఉంటుందని. నిజంగానే చల్లగా ఉంది. నా చిన్నప్పటి నుంచి ఇట్లాగే జరిగింది, ఇట్లాగే తగ్గింది.

ఈసారి తగ్గలేదు. కన్ను ఎర్రబడితే మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకున్నాను. వేసుకోగానే ఎరుపు పోయింది, నొప్పి సగమైంది. మంచి మందే దొరికిందనుకున్నాను. ఎరుపు పోయినచోట, నల్లగుడ్డు మీద, మెంతిగింజంత తెల్ల మచ్చ లేచింది. దాని అంచులు దూదిలా ఉన్నాయి. రోజురోజుకు పెరిగింది. దీపం చూస్తే ఎడమ కంటికి మసక వెలుగు తప్ప దీపం లేదు.

అప్పుడు సూర్యాపేట కంటి దవాఖానకు వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మది కోదాడ. వయసులో నాకు చెల్లెలంత ఉంటుంది. ఎంత తొందరలో ఉన్నా "అండి" మరిచిపోదు.

"ఏం చుక్కలు వేసుకున్నారండి?"

సీసా ఇచ్చాను. చదివి, నాకు తిరిగివ్వకుండా తన సొరుగులో పెట్టుకుంది. "ఇవి ఇక వద్దండి. ఎరుపు తగ్గించే మందే. కానీ శరీరం పోరాడకుండా ఆపి తగ్గిస్తుంది."

కంటికి మొద్దుబారే మందు వేసి, సన్నటి బ్లేడు అంచుతో ఆ మచ్చను గీకింది. వచ్చినదాన్ని గాజు పలక మీద రాసి, పొటాష్ ద్రావణం ఒక చుక్క వేసి, పైన ఇంకో పలుచని గాజు మూసింది. కాసేపాగి మైక్రోస్కోప్ కింద పెట్టి చాలాసేపు చూసింది.

"ఫంగస్ అండి. బూజు."

"బూజా? కంట్లో బూజేంది మేడం? పచ్చడి మీద గదా పడేది."

"తడి, తిండి ఉన్నచోట పడుతుంది. మీ కంట్లో రెండూ ఉన్నాయి."

చూపించమని నేను నోరు తెరిచి అడిగానో, ముఖమే అడిగిందో గుర్తులేదు. తూకం చూడకుండా ఏ రసీదూ రాయనివాణ్ణి. ఆమె కుర్చీ జరిపి, "రండి, మీరే చూడండి. కుడి కన్నుతో," అంది.

మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత చీకటి. తల కొంచెం వెనక్కి తీయమంది. గుండ్రటి వెలుగు ఒకటి దొరికింది, చేజారింది, మళ్ళీ దొరికింది. గొట్టం మీద పది అని, కింది అద్దం మీద నలభై అని రాసి ఉండడం అంతకుముందే చూశాను.

"పైన పది, కింద నలభై. ఈ రెండూ కలుపుతరా మేడం, గుణిస్తరా?"

"గుణిస్తామండి. నాలుగు వందల రెట్లు."

బియ్యపు గింజ పొడవు ఆరు మిల్లీమీటర్లు అనుకుంటే నాలుగు వందల రెట్లకు రెండు మీటర్ల నలభై. మా ఇంటి దర్వాజ కంటే ఎత్తు. అంత పెద్దది చేసి చూస్తే కానీ కనిపించనిది నా కంట్లో కాపురం పెట్టింది. వెలుగులో అది దారాలు దారాలుగా ఉంది. ఒక దారం నుంచి ఇంకో దారం పాయగా చీలుతోంది. ఒక్కో దారంలో మధ్యమధ్య అడ్డుగోడలు, వెదురుబొంగులో ఉన్నట్టు. ఒక గోడకూ ఇంకో గోడకూ మధ్యనున్న గది ఒక కణమని చెప్పిందామె.

"మరి నా కంటి కణాలేవి? గీకింది నా కన్నే గదా."

"అవి పొటాష్‌లో కరిగిపోయాయండి. మన కణానికి బయట పలుచని పొర ఒక్కటే ఉంటుంది. ఫంగస్ కణానికి ఆ పొర మీద గట్టి గోడ కూడా ఉంటుంది, మొక్కల కణాలకు ఉన్నట్టే. పొర కరుగుతుంది, గోడ నిలుస్తుంది. అందుకే దాన్ని పట్టుకోగలిగాం."

నాకు అర్థమైన తీరులో చెప్పాను: "అంటే మనం బియ్యం, అది వడ్లు."

ఆమె గట్టిగా నవ్వింది. "బావుందండి. రేపటి నుంచి నేనూ అలాగే చెబుతాను."

నేను నవ్వలేకపోయాను. నా మనసు తప్పును వాటాలుగా పంచుతోంది. ఆకు గీతకు ఎంత, నాలుకకు ఎంత, చనుబాలకు ఎంత, చుక్కల మందుకు ఎంత. అదే అడిగాను. ఆమె తల అడ్డంగా ఆడించింది. "ఆకు గీయకపోతే ఇది మొదలవదు. పొలంలో ఈ ఫంగస్ ఆకుల మీద, దుమ్ములో ఉంటుంది. చుక్కల మందు దీన్ని పెంచింది. మిగతావాటి వాటా ఎవరూ తేల్చలేరండి."

లెక్క తేలలేదన్న మాట నేను ఇంట్లో చెప్పాను. ఆ మాట వేములపల్లికి చేరేసరికి పెద్దమ్మ నాలుక చెల్లెలి కొడుకు కన్ను తీసిందన్నట్టు మారింది. మరుసటి వారం నేను చూపించుకోవడానికి వెళ్తుంటే ఆమె కూడా వచ్చి బస్సెక్కింది. సూర్యాపేట దాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

డాక్టరమ్మ ముందు కొంగు తీసింది. "నా నోట్ల ఏమున్నదో సూడు బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పు. నాకు దాయకు."

డాక్టరమ్మ నావైపు చూసింది, ఆమెవైపు చూసింది. చిన్న పుల్లతో పెద్దమ్మ చెంప లోపల మెల్లగా రాసి, గాజు పలక మీద పూసి, నీలి రంగు చుక్క వేసింది.

"అమ్మమ్మా, చూడండి. మీ చెంప కణాలు."

పెద్దమ్మ కుర్చీ అంచున కూర్చుని, ఏదైనా బావిలోకి తొంగిచూస్తున్నట్టు రెండు చేతులతో బల్ల పట్టుకుంది. "అబ్బ. విరిగిన అప్పడాల లెక్క ఉన్నయి. నడిమిట్ల నల్ల చుక్క ఏంది?"

"కేంద్రకం. ఆ కణం ఏం పని చేయాలో, ఎలా బతకాలో రాసిపెట్టి ఉండేది అందులోనే."

"రాసిందెవలు?"

"సగం మీ అమ్మ, సగం మీ నాన్న."

"మా నాయినది ఏలిముద్రనే గద," అంది పెద్దమ్మ, కన్ను తీయకుండానే. డాక్టరమ్మకు నవ్వాగలేదు. కాసేపటికి పెద్దమ్మే మళ్ళీ అడిగింది. "మరి గా అప్పడాల మీద సన్న సన్నగ నువ్వుల తీర్గ ఉన్నయి, గవ్వేంది?"

డాక్టరమ్మ నవ్వు ఆగింది. "అవి బ్యాక్టీరియా అమ్మమ్మా. అవీ కణాలే, చాలా చిన్నవి. వాటికి కేంద్రకం కూడా ఉండదు. నా నోట్లో ఉంటాయి, మీ అబ్బాయి నోట్లో ఉంటాయి. ఆయన కంట్లో దొరికింది ఇవి కాదు. అది వేరే. కానీ గీరుకుపోయిన కంటికి ఇవి తగలకూడదు."

"పుక్కిలిస్తే పోవా?"

"పోవు."

పెద్దమ్మ మళ్ళీ వంగి చూసింది. ఈసారి ఎంతసేపు చూసిందంటే బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తోసి చూశారు. లేచేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. బస్సులో నా పక్కన కూర్చుని, "ఇన్నేండ్లు ఎంతమంది కండ్లల్ల తిప్పిన్నో," అని మాత్రం అంది. తర్వాత ఎవరు నలుసని వచ్చినా కాచి చల్లార్చిన నీళ్ళు ధారగా పోసి కడుగుతుంది, పోకపోతే సూర్యాపేట దవాఖానకు పొమ్మంటుంది. ముసల్దానికి డాక్టర్ సోకు పట్టిందని ఊళ్ళో అంటారు. ఆమె పట్టించుకోదు.

నా కంట్లో ఫంగస్ చచ్చింది. గంటగంటకు వేసిన మందుకు మెల్లగా చచ్చింది. అది తిన్నచోట మచ్చ మిగిలింది. మనవాళ్ళు పువ్వు పడ్డదంటారే, అది. నల్లగుడ్డు నడిమధ్య పడింది. దానివెనక కన్ను బాగానే ఉందట, కిటికీకే సున్నం కొట్టినట్టయింది.

"కార్నియా మార్చాలండి," అంది డాక్టరమ్మ. "ఎవరైనా ఇచ్చినప్పుడు."

"తనంతట తాను మళ్ళ పుట్టదా? చర్మం పోతే పుడుతుంది గదా."

ఆమె కాగితం మీద అడ్డగీతలు గీసి చూపింది. కార్నియా అంటే కంటి ముందున్న అద్దం పొర. అది ఒక్కటి కాదు, పొరలు పొరలు. అన్నిటికంటే ముందున్న కణాలు గీసుకుపోతే పక్కవి చీలి, రెండవుతూ, నాలుగవుతూ ఖాళీ పూడుస్తాయి. అన్నిటికంటే వెనక ఒకే ఒక్క వరస కణాలున్నాయి. అవి పొద్దంతా, రాత్రంతా నీళ్ళు తోడి బయటపోస్తుంటాయి, కార్నియా ఉబ్బి మసకబారకుండా. ఆ వరసలో కణం పోతే ఇంకోటి పుట్టదు. పక్కవే కాస్త ఒళ్ళు విరుచుకుని ఆ జాగా కప్పుతాయి. పుట్టినప్పుడు ఇచ్చినవే, చచ్చేదాకా అవే.

నా లెక్కల బుర్రకు ఇది కొత్త. జమ లేదు, ఖర్చు ఒక్కటే ఉన్న ఖాతా నేనెప్పుడూ చూడలేదు.

ఆ కణాలను చూసే మైక్రోస్కోప్ వేరే ఉంది. కంటికి ఏదీ తగలదు. గడ్డం ఆనించి ఒక చుక్క వెలుగును చూస్తే వెనక వరస ఫొటో వస్తుంది. నా కుడి కంటిది తీసింది. తెర మీద తేనెపట్టు కనిపించింది. ఆరు మూలల గదులు, ఒకదానికొకటి ఆనుకుని, సందు లేకుండా. ఫొటోలో చిన్న డబ్బా గీసి, దాంట్లో ఉన్నవాటిని లెక్కించి, చదరపు మిల్లీమీటరుకు రెండు వేల నాలుగు వందల ఎనభై అని చెప్పింది యంత్రం.

"అన్నీ లెక్కపెట్టకుండానే?"

"అన్నీ పెట్టలేమండి. ఒక ముక్కలో లెక్కపెట్టి హెచ్చిస్తాం."

పంట కోత ప్రయోగమే. చేనులో ఒక చదరం కొలిచి, దాన్నొక్కదాన్నే కోసి, తూచి, ఎకరానికి హెచ్చించడం. నా కంట్లోనే ఆ చేను ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు.

కార్నియా దొరికిందన్న కబురు ఒక మధ్యాహ్నం వచ్చింది. మిల్లులో లారీ దించుతున్నారు. పెన్ను అక్కడే పెట్టి హైదరాబాద్ వెళ్ళాను. అక్కడి డాక్టరు ఆపరేషన్‌కు ముందు చెప్పిన రెండు విషయాలు గుర్తున్నాయి. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు బిళ్ళ తీసి, అంతే బిళ్ళ కుడతామని. వచ్చిన కార్నియాలో వెనక వరస కణాలు చదరపు మిల్లీమీటరుకు రెండు వేల ఆరు వందలని.

"ఎవరిది సార్?"

"అది మేం చెప్పం. మీరు అడగకూడదు కూడా."

ఆడమనిషో మగమనిషో, ఏ ఊరో, చివరిసారి ఆ కన్ను ఏం చూసిందో, ఏదీ తెలియదు. నాకు తెలిసింది ఆ అంకె ఒక్కటే.

కట్టు విప్పాక మొదట కనిపించింది నా చెయ్యి. అలలు అలలుగా, నీళ్ళలో ఉన్నట్టు. నెలలు గడిచి, కుట్లు ఒక్కొక్కటిగా తీశాక అలలు నిలిచాయి. ఒకరోజు మిల్లు ముందు వడ్ల రాశి గోడలోంచి లేచి నా వైపు వచ్చింది. లోతుతో సహా. అక్కడే ఊక మీద కూర్చుండిపోయాను. హమాలీలు నాకు బీపీ పడిపోయిందనుకుని సోడా తెచ్చారు.

ఏటా సూర్యాపేటలో ఫొటో తీస్తారు. రెండు వేల ఆరు వందలు తర్వాతి ఏటికి రెండు వేల పది అయింది. ఆ తర్వాత పదిహేడు వందలు. ఈ ఏడు పదిహేను వందల నలభై. పోయిన గదుల జాగా ఖాళీగా ఉండదు, ఉన్న గదులే పెద్దవవుతున్నాయి. ఇంకొన్నేండ్లకు ఏమవుతుందని అడిగితే డాక్టరమ్మ, "ఆపరేషన్ తర్వాత ఇచ్చిన చుక్కలు మానకండి," అంటుంది. అదే జవాబు.

పోయినేడు ఒక ఆదివారం పెద్దమ్మ మా ఇంట్లో కూరకు గోకరకాయ తుంచుతుంటే నేను లెక్క చేశాను. బిళ్ళ వెడల్పు ఎనిమిది, అందులో సగం నాలుగు, నాలుగు నాలుగుల పదహారు, దాన్ని ఇరవై రెండుతో హెచ్చించి ఏడుతో భాగిస్తే యాభై చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. రెండు వేల ఆరు వందలతో హెచ్చిస్తే ఒక లక్షా ముప్పై వేల ఏడు వందల నలభై రెండు. నాకు వచ్చినవి అవి.

అప్పుడే నా భార్యతో చెప్పాను. నా తర్వాత నా కన్ను ఇవ్వాలని, పోయిన ఆరు గంటల్లోపు కంటి బ్యాంకుకు తానే ఫోన్ చేయాలని. ఆమెది ఆత్మకూరు. భయపడితే కోపంగా మాట్లాడుతుంది.

"కండ్లిచ్చినోడు వచ్చే జన్మల గుడ్డిగ పుడతడంట. నాతోని గీ పని చేపియ్యకు."

"మరి నాకిచ్చినోళ్ళు?"

గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది. "నువ్వు లెక్కలు ఎన్నన్న చేస్కో. ఫోన్ చేసేది నేను గద," అని లోపలికి వెళ్ళింది.

అది నిజమే. నేను తీర్చలేని బాకీ, నేనున్నంతకాలం తీరని బాకీ, ఆమె చేతిలో ఉంది.

"ఇచ్చుడు సంగతి తర్వాత," అంది పెద్దమ్మ గోకరకాయ మీంచి తల ఎత్తకుండా. "నీ దాంతోని సరిపోతదా?"

సరిపోదు. కుట్టిన ఎడమ కన్ను మళ్ళీ ఎవరికీ పనికిరాదట. ఇవ్వగలిగింది కుడిదొక్కటే. దాంట్లో అంతే బిళ్ళ తీస్తే ఒక లక్షా ఇరవై నాలుగు వేల ఏడు వందల ఎనిమిది. ఈ రోజే ఇచ్చినా ఆరు వేల ముప్పై నాలుగు తక్కువ.

"ఆరు వేలేనా? గవ్వి నాయి ఏస్కో."

"నీ వయసుకు తక్కువ ఉంటయి పెద్దమ్మా. పనికొస్తయో రావో వాళ్ళే చూసి చెప్పాలె."

"సూడమను. మైక్రోస్కోప్ పెట్టి సూడమను. నేను దాసిపెట్టుకున్ననా?" తుంచిన ముక్కలు గిన్నెలో వేసి, లోపలికి వినపడేలా గొంతు పెంచింది. "ఓ పిల్లా, నాకు గూడ నువ్వే ఫోన్ కొట్టాలె. నాకు నంబర్లు నొక్కరాదు."

తర్వాత నా భార్య గుమ్మం దాకా వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఆ నంబరెంత?" అని అడిగింది. చెప్పాను. ఫోన్ చేతిలో లేదు, రాసుకోనూ లేదు. విని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గుర్తుపెట్టుకుందో లేదో నేను అడగలేదు. ఆ తర్వాత వచ్చే జన్మ మాట మాత్రం మా ఇంట్లో రాలేదు.

పెద్దమ్మ మాట పెద్దమ్మది. దాన్ని నా ఖాతాలో వేసుకోలేదు. ఆమె ఊరి కండ్లతో తేల్చుకోవాల్సిన లెక్క ఆమెకుంది. నాది నాకు వచ్చినప్పటి అంకె మీదే నిలిచి ఉంది. లోపల కణాలు తగ్గుతున్నాయి, అంకె తగ్గడం లేదు: ఒక లక్షా ముప్పై వేల ఏడు వందల నలభై రెండు.